మెసేజ్ ఎవరి ఫోన్‌కి వస్తోంది?

ఆడవాళ్ళ డబ్బు లెక్కల కోసం ఈ శీర్షిక మొదలుపెట్టినప్పుడు చీటీలు, ఎల్‌ఐసీ పాలసీలు, బంగారం గురించే ఉత్తరాలు వస్తాయనుకున్నాను. అవీ వస్తున్నాయి. కానీ ప్రతి కట్టలోనూ రెండు మూడు కవర్లు వేరేగా ఉంటాయి. భర్త కొడుతున్నాడని, డబ్బు లాక్కుంటున్నాడని రాసినవి అవి. పైన ఊరు పేరుండదు, లోపల సంతకం ఉండదు. ఈసారి ఆ కవర్లకే చోటిచ్చాను. రాసినవాళ్ళని ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు కొంత మార్చాను.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నాకు 34 ఏళ్ళు. పాప మూడో తరగతి, బాబు ఒకటో తరగతి. నేను జాకెట్లు కుడతాను. మా ఆయన లారీ మీద వెళ్తాడు. తాగినా కొడతాడు, తాగకపోయినా కొడతాడు. సంక్రాంతికి ముందు తల పగిలి నాలుగు కుట్లు పడ్డాయి. అప్పుడే పిల్లల్ని తీసుకుని అమ్మ దగ్గరికి వచ్చేశాను. నాలుగు నెలలైంది. నా గాజులు, గొలుసు ఆయన పేరు మీద తాకట్టులో ఉన్నాయి. డ్వాక్రాలో నేను తీసుకున్న 80 వేలు ఆయనే వాడుకున్నాడు. కిస్తీ కట్టమని సంఘం వాళ్ళు నాకు ఫోన్ చేస్తున్నారు. నా ఏటీఎం కార్డు ఆయన దగ్గరే ఉంది. కుట్టుమిషను, పీకో మిషను కూడా అక్కడే ఉండిపోయాయి. పెద్దమనుషుల్లో పెడదాం, కాస్త ఓపిక పట్టమంటున్నాడు మా అన్నయ్య. నేను వెనక్కి వెళ్ళను. నా బతుకు నేను బతకాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఏదైనా లోను వస్తుందా? పుట్టింట్లో తింటున్నానని కుంగిపోతున్నాను.

జవాబు: లోను సంగతి చివర్లో చెప్తానమ్మా. ముందు ఒక్క మాట చెప్పండి. మీ ఖాతాలో డబ్బు పడితే మెసేజ్ ఎవరి ఫోన్‌కి వస్తోంది?

ఈ ప్రశ్న నాకు ఊరికే రాలేదు. 1996లో కృష్ణా జిల్లాలో ఒక చిన్న బ్యాంకు బ్రాంచిలో డిపాజిట్ల సీట్లో ఉండేదాన్ని. పాలు పోసే ఆవిడ ఒకామె నాలుగేళ్ళు కూడబెట్టి 11 వేలు ఫిక్సెడ్ వేసింది. గడువు తీరింది. మంచి పని చేస్తున్నాననుకుని లెడ్జర్‌లో ఉన్న ఫోన్ నంబరుకి నేనే చేశాను. భర్త ఎత్తాడు. "మీ ఆవిడ డిపాజిట్ అయిపోయిందండీ, వచ్చి తీసుకోమనండి" అన్నాను. రెండో రోజు ఇద్దరూ వచ్చారు. ఆమె కుడిచేతికి కట్టు ఉంది. తల ఎత్తకుండా ఎడమచేత్తో వేలిముద్ర వేసింది. నోట్లు నేనే లెక్కపెట్టి ఇచ్చాను, ఆయన తీసుకున్నాడు. ఆ డబ్బు ఆమె పేరు మీదే ఉంది, పాస్‌బుక్ కూడా ఆమెదే. నంబరు మాత్రం ఆయనది. ఆ తర్వాత నా సర్వీసంతా ఏ ఆడమనిషి ఖాతా తెరిచినా ఫోన్ ఎవరిదని అడగకుండా ఫారం మీద సంతకం పెట్టలేదు.

కాబట్టి మొదట మీ ఆధార్‌తో, మీ పేరు మీద ఒక సిమ్ కొనండి. ఆ నంబరుతో ఆధార్ సెంటర్‌కి వెళ్ళి పాత నంబరు తీయించి ఇది పెట్టించండి. దానికి కాగితాలేవీ అక్కర్లేదు, మీ వేలిముద్ర చాలు. పాత నంబరే ఉంటే ఓటీపీలన్నీ ఆయన జేబులోకే పోతాయి.

తర్వాత కొత్త ఖాతా. ఇప్పుడున్నది కాకుండా వేరే బ్యాంకులో బేసిక్ సేవింగ్స్ ఖాతా అడగండి. అందులో మినిమమ్ బాలెన్స్ ఉంచక్కర్లేదు, ఏటీఎం కార్డుకి డబ్బు కట్టక్కర్లేదు. ఆధార్‌లో అత్తగారి ఊరి అడ్రసు ఉందని కౌంటర్‌లో వెనక్కి పంపితే పంతులమ్మలా నిలబడి మాట్లాడండి. ఆధార్‌తో వేలిముద్ర వేసి ఖాతా తెరిచేటప్పుడు ఇప్పుడుంటున్న అడ్రసు మనమే రాసిచ్చి సంతకం పెడితే చాలని రిజర్వు బ్యాంకు నిబంధనల్లోనే ఉంది. నామినీగా మీ అమ్మగారి పేరు రాయండి. పెళ్ళయింది కదా అని భర్త పేరే రాయాలన్న రూలు లేదు.

ఖాతా చేతికొచ్చాక పథకాల డబ్బు దాంట్లోకే వచ్చేలా ఆధార్ లింకు చేయమని ఫారం ఇవ్వండి. ఆధార్ చివరగా ఏ ఖాతాకి లింకయితే ప్రభుత్వం వేసే డబ్బు దానికే వెళ్తుంది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, కాదు. 2025 జూన్‌లో తల్లికి వందనం పథకం కింద బడికెళ్ళే ఒక్కో బిడ్డకి 13 వేలు తల్లుల ఖాతాల్లో పడ్డాయి. ఈసారి మీ పిల్లలిద్దరికీ అలాగే వస్తే 26 వేలు. అది పాత ఖాతాలో పడితే, కార్డు ఉన్నవాడే తల్లి! ఆ పాత బ్యాంకుకి కూడా ఒకసారి వెళ్ళి కార్డు బ్లాక్ చేయించండి, ఖాతాలో ఉన్న ఆయన నంబరు తీయించండి. మీరు ఇప్పుడు ఆ ఇంట్లో లేరు కాబట్టి ఇది వెంటనే చేయమంటున్నాను. ఇంకా ఆ కప్పు కిందే ఉన్నవాళ్ళు ఇంత తొందరపడొద్దు. కార్డు పని చేయలేదని తెలిసిన రోజు రాత్రి ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక బంగారం. పుట్టింటివాళ్ళు, అత్తింటివాళ్ళు మీకు పెట్టిన నగలు స్త్రీధనం. అవి పూర్తిగా మీవేనని, భర్త దగ్గర ఉన్నా ఆయన మీ తరఫున భద్రపరిచినవాడి లెక్కే తప్ప సొంతదారు కాడని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. కానీ ఆయన తాకట్టు కట్టకపోతే అప్పిచ్చినవాళ్ళు వేలం వేస్తారు, ఆ నోటీసు ఆయనకే వెళ్తుంది. మీకు తెలిసేసరికి గాజులు కరిగిపోయి ఉంటాయి. నగలు మీవని, మీ అనుమతి లేకుండా పెట్టారని ఆ అప్పిచ్చినవాళ్ళకి స్పీడ్ పోస్టులో ఒక ఉత్తరం పంపండి. వాళ్ళు వెంటనే ఆగుతారని కాదు, మాకు తెలియదని రేపు అనలేరు. పెళ్ళి ఫొటోల్లో నగలు కనిపించేవి వెతికి పెట్టండి, కొన్న షాపు బిల్లు మీ అమ్మగారి బీరువాలో ఉందేమో చూడండి.

నగలు చేయి దాటకుండా అసలు ఆపగలిగేది కోర్టే. 2005 నాటి గృహహింస చట్టాన్ని చాలామంది కొట్టినందుకు వేసే కేసనుకుంటారు. నా కళ్ళకి అది డబ్బు చట్టం. నగలు, ఆస్తులు అమ్మకుండా, లాకరు తెరవకుండా మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వొచ్చు. స్త్రీధనం తిరిగి ఇమ్మనొచ్చు. మీకూ పిల్లలకీ నెలనెలా ఖర్చులు, వైద్యానికి అయిన డబ్బు, పోయిన సంపాదన ఇప్పించవచ్చు. ఇప్పుడు మీరుంటున్న మీ అమ్మగారి ఊరు ఏ కోర్టు కిందికి వస్తే అక్కడే వేయొచ్చు. ఆ దరఖాస్తులో మీ రెండు మిషన్ల పేర్లు, కంపెనీ, కొన్న ఏడాదితో సహా రాయించండి. సామాన్లు అని ఒక్క ముక్కలో తేల్చేయనివ్వకండి. మంచాలు, బీరువాల కన్నా ముందు అవి రావాలి. మీ రోజుకూలి వాటిలో ఉంది.

దీనికి డబ్బు పెట్టి ప్లీడరు దగ్గరికి పరుగెత్తక్కర్లేదు. ఆడవాళ్ళ హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే, హింస పడ్డ ఆడవాళ్ళకి సాయం చేసే మీ జిల్లా సఖి కేంద్రం చూపిస్తారు, ఈ చట్టం కింద ప్రభుత్వం పెట్టిన రక్షణాధికారి మీ సంగతంతా రిపోర్టు రాసి కోర్టుకి పంపుతారు. కోర్టు ఆవరణలో ఉండే న్యాయసేవా సంస్థలో ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా లాయర్‌ని ఉచితంగా ఇస్తారు, వాళ్ళ ఫోన్ 15100. నాలుగు కుట్లు వేసిన ఆసుపత్రి చీటీ పారేయలేదు కదా?

మీ అన్నయ్యని తప్పుపట్టను. ఆయనకి తెలిసిన దారి అది. కానీ లెక్క చూడండి. భరణం దరఖాస్తు వేసిన తేదీ నుంచే లెక్కకట్టాలని సుప్రీంకోర్టు 2020 నవంబరులో తేల్చింది. ఇద్దరూ తమ ఆస్తులు, ఆదాయాల మీద ప్రమాణపత్రం ఇవ్వాలని కూడా చెప్పింది. అంటే పంచాయితీలతో గడిచే ప్రతి నెలా మీ పిల్లల డబ్బు పోతోందన్నమాట. పెద్దమనుషుల దగ్గరికి వెళ్ళినా ఫరవాలేదు, దరఖాస్తు వేసి వెళ్ళండి. అక్కడ ఎవరు ఎంత మంచిమాట చెప్పినా ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకండి. "నా సామాను నాకు ముట్టింది" అని రాసిన దాని మీద అసలే పెట్టకండి. ఒక పూట కాఫీల మధ్య పెట్టిన అలాంటి సంతకం ఏళ్ళ తరబడి కోర్టులో అడ్డం తిరగడం చూశాను.

సంఘం ఫోన్లకి భయపడి నంబరు మార్చేయాలనిపిస్తుంది. వద్దు. కొత్త నంబరు సంఘం లీడరుకి మీరే ఇవ్వండి, వచ్చే మీటింగుకి వెళ్ళండి. అప్పు మీ పేరు మీద ఉంది, ఆయన వాడుకున్నా బాకీ మీదే. ఇది చేదు మాటే, కానీ తీపి చేసి చెప్తే మిమ్మల్ని మోసం చేసినట్టు. మీరు కట్టకపోతే మిగతా సభ్యుల వడ్డీ రాయితీ, వచ్చే ఏడాది సంఘానికి బ్యాంకు ఇచ్చే లింకేజీ లోను దెబ్బతింటాయి. వాళ్ళ కోపం అందుకు. కూర్చుని మాట్లాడితే కిస్తీ తగ్గించి గడువు పెంచే దారి సంఘంలోనే ఉంటుంది. ఆ 80 వేలు ఏ రోజు తీసి ఎవరికిచ్చారో సంఘం పుస్తకంలో, మీ పాస్‌బుక్‌లో ఉన్నంత మేరకు నకళ్ళు తీసుకోండి. కోర్టులో మీరు అడిగే నష్టంలో ఆ అప్పు కూడా చూపించాలి. ఇంకో సంగతి. ఆ మీటింగులో కూర్చునే పదిమందిలో ఇద్దరు ముగ్గురికి మీ కథే జరిగి ఉంటుంది. మొదట కసురుకున్నవాళ్ళే తర్వాత సాక్ష్యానికి వస్తారు.

ఇప్పుడు లోను. ఈ నెల వద్దు. పూచీకత్తు లేకుండా 50 వేల దాకా ముద్ర పథకం కింద శిశు లోను ఉంది, నిజమే. పాత బాకీ నెత్తిమీద ఉండగా, మిషన్లు ఇంకా రాకుండా కొత్త అప్పు తీసుకుంటే దాన్ని తిండికే వాడేస్తారు. అందరూ అదే చేస్తారు, నేనైనా అంతే. ముందు ఎవరి మిషనైనా అద్దెకి తీసుకుని కుట్టడం మొదలుపెట్టండి. లైనింగ్ జాకెట్ 250కి కుడితే లైనింగ్ గుడ్డ, దారం, హుక్కులు పోను ఎంత మిగులుతుందో ఒక నోటుపుస్తకంలో రాయండి. 170 మిగిలిందనుకుందాం. రోజుకి మూడు, నెలకి ఇరవై రోజులు వేస్తే పది వేలు దాటుతుంది. కానీ మూఢం వస్తే ముహూర్తాలుండవు, ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు. ఆ నెలల ఖర్చు పెళ్ళిళ్ళ సీజన్‌లోనే పక్కన పెట్టాలి. సగం డబ్బు ముందే తీసుకోండి. "తర్వాత ఇస్తాలే వదినా" అనే బంధువుల బట్టలు చివర కుట్టండి.

చేతిలో పని పెరగాలంటే మీ జిల్లాలో బ్యాంకులన్నిటికీ ముందుండే లీడ్ బ్యాంకు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలో టైలరింగ్ నేర్పుతారు. ఫీజు లేదు, అక్కడే ఉండి తినొచ్చు. పిల్లల్ని నెల రోజులు అమ్మగారు చూసుకోగలిగితే వెళ్ళండి. ఆ సర్టిఫికెట్‌తో, ఆరు నెలల నోటుపుస్తకంతో అప్పుడు ముద్ర లోనుకి వెళ్ళండి. ఆ నోటుపుస్తకం ముందు పెట్టి మాట్లాడితే ఏ మేనేజరైనా ఒక్క నిమిషం ఆగుతాడు. పాతికేళ్ళు ఆ కుర్చీ దగ్గర ఉన్నదాన్ని, తెలుసు.

పుట్టింట్లో తింటున్నానని కుంగిపోతున్నట్టు ఉత్తరం చివర రాశారు. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో ఆడపిల్లకి వాటా ఇస్తూ మన రాష్ట్రం 1986లోనే చట్టం చేసింది, దేశమంతటికీ అది 2005లో వచ్చింది. మీ అన్నయ్యతో గొడవ పెట్టుకోమని కాదు. అన్నం తింటున్నప్పుడు తలొంచుకోవద్దని చెప్తున్నాను.

ప్రశ్న: మేడమ్, నేను హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం చేస్తాను. నెలకి 74 వేలు వస్తుంది. జీతం ఖాతా, ఈమెయిల్, ఇన్‌కమ్‌ట్యాక్స్ లాగిన్ అన్నీ మా వారే చూస్తారు. నాకు నెలకి 3 వేలు ఇస్తారు. ఇంకో రెండు వేలు అడిగితే రెండుసార్లు చెయ్యి చేసుకున్నారు. ఆయనకి చెడు అలవాట్లేమీ లేవు. ఇంటి లోనులో నేనూ ఉన్నాను. ఒక పాప. ఇది గృహహింస అనుకోవచ్చా? ఇప్పటికైతే విడిపోయే ఆలోచన లేదు.

జవాబు: అనుకోవచ్చు. రెండుసార్లు కొట్టడం సరే, మీ జీతం మీకు అందకుండా చేయడాన్ని కూడా చట్టం మూడో సెక్షన్‌లో ఆర్థిక హింస అని పేరుపెట్టి మరీ రాసింది. సిగరెట్ తాగకపోవడం మంచి అలవాటే. మీ జీతం మీకివ్వకపోవడం ఏ అలవాటో!

మీరు ఆ ఇంట్లోనే ఉంటున్నారు కాబట్టి చప్పుడు చేయని పనులు ముందు చేయండి. అన్ని పాస్‌వర్డ్‌లూ ఒకేరోజు మార్చకండి. మార్చగానే పాత నంబరుకి మెసేజ్ వెళ్తుంది. ఎక్కడో రహస్యంగా ఖాతా తెరిచి డబ్బు దాచుదామనుకుంటే, దాని మీద వడ్డీ ఇన్‌కమ్‌ట్యాక్స్ సైట్‌లో మీ పాన్ కింద కనిపిస్తుంది, అది చూసేది ఆయన. ఈ సంగతి తెలియక దొరికిపోయిన అమ్మాయిలున్నారు. అందుకే ఆఫీసు కంప్యూటర్‌లో కొత్త ఈమెయిల్ ఒకటి తెరవండి, ముందు అది చాలు. మీ సర్టిఫికెట్లు, పాప బర్త్ సర్టిఫికెట్, పాస్‌పోర్టు, వీటి ఫొటోలు తీసి దాంట్లోకి పంపుకోండి.

ఇల్లు ఎవరి పేరున రిజిస్టర్ అయిందో ఎప్పుడైనా చూశారా? లోనులో ఉండటం వేరు, దస్తావేజులో ఉండటం వేరు. లోనులో మాత్రమే ఉంటే మీరు కడుతున్నది ఆయన ఇంటికి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. అలాగని కిస్తీ ఆపేయకండి. బ్యాంకుకి మీ గొడవతో పని లేదు, మొత్తం బాకీకి ఇద్దరూ బాధ్యులే, క్రెడిట్ స్కోరు మీది కూడా పడిపోతుంది. దేశంలో మన అప్పుల చరిత్ర రాసిపెట్టే క్రెడిట్ సంస్థలు నాలుగున్నాయి, ఏడాదికి ఒక్కోటి ఒక రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. తెప్పించి చూడండి. మీకు తెలియని పర్సనల్ లోను మీ పేరున ఉండకూడదని కోరుకుంటాను.

మీ పీఎఫ్ నామినీ పాప పేరున పెట్టొచ్చు. మహిళా ఉద్యోగి తన కుటుంబం లెక్కలోంచి భర్తని మినహాయించమని పీఎఫ్ కమిషనర్‌కి రాసిచ్చే వీలు కూడా ఆ స్కీములో ఉంది. 

జీతం ఖాతా మార్చుకోవడం మీ హక్కు. హెచ్‌ఆర్‌కి ఒక మెయిల్ చాలు. కానీ ఆ నెల ఒకటో తారీకు రాత్రి మీరు, పాప ఎక్కడుంటారో ముందు తేల్చుకోండి. అక్కగారిల్లో, హాస్టలో, స్నేహితురాలి ఇల్లో, ఏదో ఒకటి. అది తేలకుండా మెయిల్ పెట్టకండి. విడిపోవాలా వద్దా అన్నది నేను చెప్పను. విడిపోకపోయినా జీతం మీ చేతికి రావాలి. ఈ పేజీ చదివాక పత్రికని ఆఫీసులోనే వదిలేసి వెళ్ళండి.

ప్రశ్న: మాది విజయవాడ. మా ఇంట్లో పనిచేసే అమ్మాయి జీతంలో నెలకి రెండు వేలు నా దగ్గరే దాచమంటోంది. ఇంటికి తీసుకెళ్తే భర్త కొట్టి లాక్కుంటాడట. ఏడు నెలల నుంచి దాస్తున్నాను. ఇది మంచిదేనా?

జవాబు: మంచి మనసండీ, కానీ మీరు బ్యాంకు కాదు. మీకేదైనా అయితే ఆ 14 వేలు ఆమెవని మీ అబ్బాయికి తెలుసా? ఒక చిన్న పుస్తకంలో తేదీలతో రాసి, ప్రతి నెలా ఆమెకి చూపించండి. అది ఈ రోజే.

తర్వాత ఆమెతో పాటు పోస్టాఫీసుకి వెళ్ళండి. 500తో సేవింగ్స్ ఖాతా తెరుస్తారు, నెలకి వంద నుంచి ఎంతైనా రికరింగ్ డిపాజిట్ (ఆర్‌డీ) కట్టొచ్చు. రెండు వేలూ ఆర్‌డీలో వేయించకండి. అది అయిదేళ్ళది, మధ్యలో మూసేయాలన్నా మూడేళ్ళు దాటాలి. ఆమె లాంటి వాళ్ళకి ఒక అర్ధరాత్రి ఆటోకి డబ్బు కావాల్సి రావచ్చు. వెయ్యి ఆర్‌డీ, వెయ్యి సేవింగ్స్ అయితే సరిపోతుంది. పాస్‌బుక్ మాత్రం మీ ఇంట్లోనే ఉంచండి. ఆమె అడిగిన వెంటనే ఎందుకని అడక్కుండా ఇచ్చేయండి.

ఆధార్, పాన్ కార్డు ఉంటే అది, రెండు ఫొటోలు, ఆమె సొంత ఫోన్ తీసుకెళ్ళండి. భర్త నంబరు మాత్రం ఇవ్వనివ్వకండి. సొంత ఫోన్ లేదంటే ముందు అది కొనిపెట్టండి. ఈ దసరాకి మీరు పెట్టే చీర మానేసి బటన్ ఫోన్ ఇచ్చినా ఏమీ అనుకోదు.